గోల మింగే దీపం

వెలుగుతో పాటు ప్రశాంతతనూ ఇస్తామంటున్న డిజైనర్ హ్యాంగింగ్ లైట్లు కేఫుల్లోకి, ఆఫీసుల్లోకి వచ్చేశాయి. అవి పనిచేసే మాట నిజమే. ఎటొచ్చీ కొనేముందు కాస్త లెక్క చూసుకోవాలి

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అది బెంగళూరు ఇందిరానగర్ కావచ్చు, హైదరాబాద్ జూబ్లీహిల్స్ కావచ్చు, గుర్గావ్ కావచ్చు. కొత్తగా తెరిచిన రెస్టారెంటు. కింద నునుపు చేసిన కాంక్రీటు నేల. ఒక పక్కంతా అద్దం, మరో పక్క సున్నం పూయని ఇటుక గోడ. తలెత్తి చూస్తే స్లాబు కింద ఏసీ గొట్టాలు, కేబుల్ ట్రేలు నల్లరంగు పూసుకుని బాహాటంగా వేలాడుతుంటాయి. ఇప్పటి ఫ్యాషన్ అదే. టేబుల్‌కు నలుగురు చొప్పున నలభై మంది. ఎదుటివారి మాట వినబడక ప్రతివారూ ముందుకు వంగి, గొంతు పెంచి మాట్లాడుతుంటారు. మనవరాలి పుట్టినరోజుకని వచ్చిన తాతగారు కాసేపు అందరి పెదాల వంకా చూసి, చెవిలోని మిషను తీసి జేబులో వేసుకుంటారు. ఇక ఆయనకు ఆ విందు మూకీ సినిమాయే.

ఆ టేబుల్ మీదుగానే గంట ఆకారంలో బూడిదరంగు దీపం ఒకటి వేలాడుతుంటుంది. ముట్టుకుంటే మెత్తగా, దళసరి కంబళిలా తగులుతుంది. ఈ గోల సంగతి తేలుస్తుందనే దాన్ని అక్కడ పెట్టారు. వెలుగునిస్తూనే శబ్దాన్ని పీల్చుకునే దీపమట. మరి పీల్చుకోవడం లేదా అంటే, పీల్చుకుంటోంది. కాకపోతే చెరువును చెంబుతో తోడుతున్నట్టుంది.

ఈ తరహా దీపాలు ఊపందుకున్నది 2010 తర్వాతే. కోపెన్‌హాగెన్‌కు చెందిన ఐస్కోస్-బెర్లిన్ డిజైనర్లు డెన్మార్క్ కంపెనీ మ్యూటో కోసం 'అండర్ ద బెల్' అనే పెద్ద గంటను తయారుచేశారు. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఫెల్ట్‌ను అచ్చులో నొక్కి చేసిన దీపమది. ఇటలీ కంపెనీ లూచెప్లాన్ తన దీపానికి ఏకంగా 'సిలెంజియో' అని పేరు పెట్టింది. ఇటాలియన్‌లో నిశ్శబ్దం అని అర్థం. మోనికా అర్మానీ రూపొందించిన ఆ దీపానికి క్వాడ్రాట్ కంపెనీ బట్ట తొడిగారు. అదే కంపెనీకి ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఓడీల్ డెక్ పువ్వు రేకుల్లాంటి 'పెటాల్' దీపాన్ని గీసిచ్చారు. బెల్జియంలోని బజిస్పేస్ ఇలాంటి సరుకు మీదే వ్యాపారం నిర్మించుకుంది. దిగుమతి దీపం ఒక్కోదానికీ పదుల వేల రూపాయలు పెట్టాల్సిందే. దాంతో పోలికలు దగ్గరగా ఉండే దేశవాళీ సరుకూ మార్కెట్లో దొరుకుతోంది.

ఈ ఆలోచన అంతకు ముందే ఎందుకు రాలేదు? జవాబు బల్బులో ఉంది. పాత ఫిలమెంటు బల్బు తాగే కరెంటులో అత్యధిక భాగం వేడిగానే పోయేది. దాని చుట్టూ ఉన్నినో, పాలియెస్టర్‌నో చుట్టడమంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఎల్ఈడీ రాకతో ఆ భయం చాలావరకు పోయింది. ప్రభుత్వం టోకున కొన్న ఎల్ఈడీ బల్బు ధర 2014లో 310 రూపాయలుంటే 2016కల్లా 38కి దిగింది. వేడి తగ్గింది, ధర తగ్గింది. దీపం గుడ్డ కట్టుకోవడానికి అడ్డంకి తొలగింది.

దీపం కొత్తదే కానీ శబ్దాన్ని పీల్చే విద్య 19వ శతాబ్దం నాటిది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కట్టించిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియం లెక్చర్ హాల్లో ఉపన్యాసకుడు ఏం చెబుతున్నాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నోట వెలువడిన శబ్దం 5.5 సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. అంతలో వక్త మరో పది, పదిహేను మాటలు అనేసేవాడు. అన్నీ కలగాపులగం. దాని పని చూడమని భౌతికశాస్త్రం చెప్పే 27 ఏళ్ల వాలెస్ క్లెమెంట్ సాబిన్‌కు అప్పగించారు. ధ్వనిశాస్త్రంలో ఆయనకు ఏ పేరూ లేదు. వీధుల్లో సద్దుమణిగాక, అర్ధరాత్రి పూట, పక్కనున్న శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరిపించేవాడు. ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం ఎంతసేపటికి ఆరిపోతుందో స్టాప్‌వాచీతో కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్లీ థియేటర్లో ఉండాలి. ఒక దశలో తను వేసుకున్న బట్టలు మారినా లెక్క మారుతోందని కనిపెట్టి, అంతవరకూ తీసిన వేల కొలతలు పక్కన పడేశాడు. అప్పట్నుంచీ ప్రయోగానికి ఒకే జత బట్టలు.

అంత శ్రమకూ దక్కింది ఒక చిన్న సూత్రం. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చవేసి, ఆ గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే ప్రతినాద కాలం వస్తుంది. అంటే శబ్దం పుట్టాక అది దాదాపు ఆరిపోవడానికి పట్టే సెకన్లు. కొలతలు మీటర్లలో ఉండాలి. బోస్టన్‌లో 1900లో తెరిచిన సింఫనీ హాలును ఈ లెక్కతోనే కట్టారు. ఫాగ్ హాలు సంగతా? గోడలకు ఫెల్ట్ కొట్టించి దాన్నీ వినగలిగేలా చేశాడు. ఇవాళ దీపంగా వేలాడుతున్నదీ ఫెల్టే. ఆనాటిది జంతువుల వెంట్రుకలతో చేసింది, ఇప్పటిది ఎక్కువగా వాడి పారేసిన నీళ్ల సీసాల నుంచి తీసిన పోగులతో చేసింది.

సాబిన్ తన కొలతకు మొదట తీసుకున్న ప్రమాణం మరీ ముచ్చటైనది. తెరిచిన కిటికీ. దాంట్లోంచి బయటికెళ్లిన శబ్దం తిరిగి రాదు కనుక అది నూటికి నూరుపాళ్లూ పీల్చుకున్నట్టే లెక్క. ఆ లెక్కన కోస్తా పల్లెల్లోని పాత మండువా లోగిళ్లను చూడండి. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉందనుకుంటే, 9 చదరపు మీటర్ల నికార్సయిన శోషణ. పెళ్లింట్లో నలుగురు పిల్లలు, ఆరుగురు అమ్మలక్కలు ఒకేసారి మాట్లాడినా చెవులు దిబ్బెళ్లు వేయకపోవడానికి అదీ ఓ కారణం. మిగిలింది పెంకుల సందులు, పత్తి పరుపులు చూసుకునేవి. ఇప్పటి అపార్టుమెంటులో నేలకు విట్రిఫైడ్ టైల్స్, గోడలకు పుట్టీ మీద రంగు, బాల్కనీకి అద్దం తలుపు, పైన జిప్సం లేదా పీఓపీ ఫాల్స్ సీలింగ్. ఆ సీలింగ్ చూడ్డానికి మెత్తగా ఉన్నా మాటల శబ్దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు తిరగ్గొడుతుంది.

ఇక దీపం లెక్క. హాలు, డైనింగ్ కలిసిన గది 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. 90 ఘనపు మీటర్లు. సోఫా, నలుగురు మనుషులు, పల్చటి కర్టెన్లు అన్నీ కలిపి 12 చదరపు మీటర్ల మేర శబ్దాన్ని పీలుస్తాయనుకుంటే సూత్రం ప్రకారం ప్రతినాదం 1.2 సెకన్లు. మాట తేటగా వినబడాలంటే అది 0.6కు రావాలి. అంటే పీల్చే విస్తీర్ణం 24కు పెరగాలి. రెండడుగుల వ్యాసం, అడుగు లోతు ఉన్న ఫెల్ట్ దీపం లోపలి ముఖం, బయటి ముఖం కలిపి పీల్చేది సుమారు 0.7 చదరపు మీటర్లు. డైనింగ్ టేబుల్ మీద వరుసగా మూడు వేలాడదీస్తే 1.2 సెకన్లు కాస్తా 1.03 అవుతుంది. గదిలో మొత్తం రొద 1 డెసిబెల్ కూడా తగ్గదు. ఆ మాత్రం తేడాను చెవి పసిగట్టడమే కష్టం. అనుకున్న 0.6 సాధించాలంటే 17 దీపాలు కావాలి. అన్ని వేలాడితే అది హాలులా ఉండదు, గబ్బిలాల మర్రిచెట్టులా ఉంటుంది.

అదే గదిలో బాల్కనీ తలుపుకు 8 చదరపు మీటర్ల మేర దళసరి కర్టెన్‌ను కుచ్చిళ్లు దండిగా వచ్చేలా కడితే 4 చదరపు మీటర్ల దాకా శోషణ వస్తుంది. అంటే ఇంచుమించు ఆరు దీపాల పని. నేల మీద పరిచిన వరంగల్ జంపఖానా పెద్దగా పీల్చదు. దాన్నే గోడకు నాలుగంగుళాలు ఎడంగా వేలాడదీస్తే మెరుగ్గా పనిచేస్తుంది. వెనకున్న గాలి పొర కూడా కలిసొస్తుంది మరి. డిజైనర్ దీపం అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. చెబితే వాళ్ల సరుకు పోయేదెలా?

అలాగని ఈ దీపాలను కొట్టిపారేయడం అన్యాయమే అవుతుంది. గాల్లో వేలాడే వస్తువుకు అన్ని వైపుల నుంచీ శబ్దం తగులుతుంది. గోడకు అతికించిన పలకకు ఒక ముఖమే పనిచేస్తుంది. పైగా టేబుల్‌కు రెండున్నర అడుగుల పైన పెద్ద గంటలా వేలాడితే, ఆ టేబుల్ దగ్గర పుట్టిన మాటలు స్లాబుదాకా పోయి గదంతా వ్యాపించేలోపే కొన్నిటిని అది పట్టేస్తుంది. టేబుల్‌కు ఒకటి చొప్పున, అదీ మీటరు పైన వ్యాసం ఉన్నవి పెట్టిన చోట తేడా తెలుస్తుంది. ఆఫీసుల్లోనైతే దీపమే పొడుగాటి ఫెల్ట్ పలకగా మారి, అలాంటివి పదుల సంఖ్యలో బారులు తీరి వేలాడుతుంటాయి. అక్కడ విస్తీర్ణం సమకూరుతుంది గనుక ఫలితమూ ఉంటుంది.

ఇంకో మేలూ ఉంది. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎటియెన్ లోంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో ఈ సంగతి వెల్లడించాడు. ఒకరు పెంచితే పక్కవారు పెంచుతారు, వారిని చూసి మూడోవారు. ఇది అటు నుంచీ పనిచేస్తుంది. గదిలో పీల్చే విస్తీర్ణం రెట్టింపైతే రొద లెక్కప్రకారం తగ్గేది 3 డెసిబెల్సే. కానీ అరవాల్సిన అవసరం లేదని అందరూ గొంతు తగ్గించేసరికి అసలు తగ్గుదల అంతకు మించే ఉంటుంది.

విడ్డూరమేమిటంటే, ఆఫీసులకు ఈ కొరత ఫ్యాషన్ తెచ్చిపెట్టింది. పాత ఆఫీసుల్లో రెండడుగుల చదరాల ఫాల్స్ సీలింగ్ ఉండేది. ఖనిజ పీచుతో చేసిన, చిన్న చిన్న చిల్లులున్న ఆ పలకలు చూడముచ్చటగా ఉండవు, నీరు కారితే మరకలు పడతాయి. కానీ తగిలిన శబ్దంలో సగానికి పైగా మింగేవి. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న హాల్లో అవి పీల్చుకునేది 57 చదరపు మీటర్లపైనే. 'ఇండస్ట్రియల్ లుక్' పేరుతో వాటిని ఊడబీకి, గొట్టాలకు నల్లరంగు వేసి, బోసిపోయిన చోట పది డిజైనర్ దీపాలు తగిలిస్తున్నారు. పోయిన శోషణను అలాంటి దీపాలతోనే పూడ్చాలంటే 80కి పైగా కావాలి.

దీపం ఏ శబ్దాన్ని పీలుస్తుందన్నదీ చూడాలి. ఫెల్ట్‌లోని సన్నటి పోగుల మధ్య గాలి కదలాడి, రాపిడికి లోనై, ఆ శక్తి లేశమాత్రపు వేడిగా మారుతుంది. జరిగేదంతా అంతే. అయితే ఫెల్ట్ మందం శబ్దతరంగం పొడవుకు కాస్తయినా తూగాలి. 2,000 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు 17 సెంటీమీటర్లు. దాన్ని సెంటీమీటరు మందం ఫెల్ట్ బాగానే పట్టుకుంటుంది. 100 హెర్ట్జ్ తరంగం పొడవు 3.4 మీటర్లు. దానికి ఈ దీపం దోమతెరతో సమానం. కాబట్టి డీజే బేస్ దరువు, జనరేటర్ గుర్రు, ఏసీ కంప్రెసర్ మూలుగు తగ్గుతాయని ఆశించకూడదు. మేలు జరిగేది మాటకే. మాటలో అర్థాన్ని మోసేవి ఎక్కువగా హల్లులు. అవి బలహీనమైన, పై శ్రుతి శబ్దాలు. బలమైన అచ్చుల తోక గదిలో సాగుతూ ఉంటే తర్వాతి హల్లు దాని కింద పడి నలిగిపోతుంది. చాలా మాటలు అచ్చుతో ముగిసే తెలుగుకు ఇది మరీ చిక్కు.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి ఆ చిక్కు పదింతలు. యంత్రం ఎదుటివారి మాటతో పాటు గదిలో తిరుగుతున్న తోకల్నీ పెంచి చెవిలో పోస్తుంది. దేశంలో వినికిడి లోపం గణనీయంగా ఉన్నవారు 6 కోట్ల పైచిలుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లకు గది ప్రతినాదం అలంకారం సంగతి కాదు, నలుగురిలో కూర్చోవాలా వద్దా అన్న సంగతి. పిల్లలకూ అంతే. తరగతి గదిలో ప్రతినాదం 0.6 సెకన్ల దగ్గర ఉండాలని, పాఠం జరిగేటప్పుడు నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ దాటకూడదని అదే సంస్థ 1999లో సూచించింది. కాంక్రీటు స్లాబు, బండల నేల, ఖాళీ గోడలున్న మన తరగతి గదుల్లో టీచరు గొంతు బొంగురుపోవడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. అక్కడికి ఇటలీ దీపాలు అక్కర్లేదు. వెనక గోడకూ పైకప్పు అంచులకూ కొబ్బరిపీచు పలకలు కొట్టించినా చాలు.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది. పీల్చడం వేరు, అడ్డుకోవడం వేరు. పక్క ఫ్లాటు టీవీ, వీధిలో బండ్ల హారన్లు ఈ దీపంతో ఆగవు. వాటిని ఆపేవి బరువైన గోడ, సందుల్లేని తలుపు, రెండు పొరల అద్దం. తమ గదిలో పుట్టిన శబ్దం తమ గదిలోనే తిరగకుండా చూడటం వరకే దీపం పని.

కొనదలచుకున్నవారు దుకాణంలో అడగాల్సిన మాట ఒకటుంది. 'ఎన్ఆర్‌సీ ఎంత' అని అడిగితే 0.8 అనో, 0.9 అనో ఠక్కున చెబుతారు. అది చాలావరకు చదునైన ఫెల్ట్ పలకకు తీసిన అంకె. దీపంగా మలిచాక, వేలాడదీశాక ఒక్కో దీపం ఎన్ని చదరపు మీటర్ల శోషణ ఇస్తుందని అడగాలి. ఐఎస్ఓ 354 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లాబొరేటరీలో పరీక్షించిన కంపెనీ దగ్గర ఆ అంకె ఉంటుంది. లేనివాళ్లు అందమైన లాంప్‌షేడ్ అమ్ముతున్నారని అర్థం. నిప్పు సంగతీ అడగాలి. ఎల్ఈడీ చల్లనిదే అయినా వైరింగులో తేడా వస్తే పాలియెస్టర్ కరిగి మండుతూ కింద టేబుల్ మీదికి బొట్లుగా రాలవచ్చు. ఐరోపా పద్ధతిలో 'బి-ఎస్1, డి0' అని రాసి ఉంటే అందులో చివరి 'డి0'కి మండే బొట్లు రాలవని అర్థం. ముదురు రంగు ఫెల్ట్ శబ్దంతో పాటు వెలుగునూ మింగుతుంది. లోపలివైపు తెల్లగా లేకపోతే పెద్ద వాట్ బల్బు వేయాల్సి వస్తుంది.

ఇక మన దుమ్ము, మన తాలింపు. ఐరోపా కేటలాగుల్లో ఈ రెంటి ప్రస్తావనా కనిపించదు. వంటగదికి ఆనుకున్న డైనింగ్ టేబుల్ మీద ఉన్ని దీపం వేలాడదీస్తే ఇంగువ, వేపుడు వాసన నెలల తరబడి వదలదు. నూనె పొగకు దుమ్ము అంటుకుని పోగుల మధ్య సందులు పూడిపోతే పీల్చే గుణమూ తగ్గుతుంది. తడిగుడ్డతో తుడిస్తే సరిపోదు, వాక్యూమ్ క్లీనర్ పట్టాలి. ముడిసరుకుకు మాత్రం మన దగ్గర కొరత లేదు. ఉన్నిని నేయకుండా తడిపి, నొక్కి చేసే కశ్మీర్ నమ్దా అసలైన ఫెల్టే. పాత బట్టల్ని మళ్లీ పోగులు చేసే పానిపట్ ఉంది. దక్కనీ గొర్రె ఉన్ని గొంగడి ఉంది. వాటితో చేసిన దీపం ఎంత పీలుస్తుందో కొలిచి, అంకె వేసి అమ్మేవాళ్లు రావాలి.

షోరూముల్లో ఒక తమాషా జరుగుతుంటుంది. సేల్స్‌మన్ కస్టమర్‌ను దీపం కిందికి తీసుకెళ్లి గట్టిగా చప్పట్లు కొడతాడు. గోల్కొండ గైడ్లు కోట గుమ్మం దగ్గర కొట్టే చప్పట్లకు ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ శబ్దం కొండమీది బాలాహిసార్ దాకా వినబడితే గొప్ప, ఇక్కడ వెంటనే చచ్చిపోతే గొప్ప. చచ్చిపోతుంది కూడా. కస్టమర్ ముచ్చటపడి ఒక దీపం ప్యాక్ చేయించుకుంటారు. తలెత్తి చూస్తే తెలిసేది, ఆ షోరూము కప్పుకు అలాంటివి అరవై వేలాడుతున్నాయని.